నేను పెట్టిన గోళీ పరీక్ష

ఇరవై రెండేళ్లుగా విజయవాడలో ఒక బీఎడ్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతున్నాను. భయాల పాఠం వచ్చినప్పుడల్లా అవే మూడు కథలు. ఏడాది కూడా నిండని బిడ్డ తెల్ల ఎలుక కోసం చెయ్యి చాచినప్పుడల్లా వెనకనుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి, చివరికి ఎలుకను చూస్తేనే ఏడ్చేలా చేసిన ప్రయోగం మొదటిది. గుర్రాలకు భయపడి వీధిలోకి రాని ఐదేళ్ల పిల్లవాడిది రెండోది. వాడి మీద అంత సిద్ధాంతం కట్టిన పెద్దమనిషి వాణ్ణి చూసింది బహు తక్కువ, ఎక్కువభాగం వాళ్ల నాన్న చెప్పిన కబుర్ల మీదే నడిపాడు. మూడోది చొక్కా గుండీలంటే హడలిపోయే తొమ్మిదేళ్ల పిల్లవాడిది. వాడికి మెట్టు మెట్టుగా గుండీలు అలవాటు చేశారు. ముట్టుకోవడమైతే వచ్చింది గానీ లోపలి రోత మాత్రం పెరిగింది, దాంతో దారి మార్చుకోవాల్సి వచ్చింది. పరీక్షలో అన్నీ ఐదు మార్కుల ప్రశ్నలే.

ఎలుక కథ చెప్పిన ఒకరోజు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, తర్వాత ఆ బిడ్డ భయం పోగొట్టారా మేడం అని అడిగింది. పోగొట్టలేదు. సిలబస్‌లో అంతవరకే ఉంది, కూర్చో అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకూ ఆ జవాబు నచ్చింది, అందుకని మరో రెండు మూడేళ్లు ఎవరూ అడక్కపోయినా నేనే చెప్పుకుని నవ్వించాను.

పాఠం చెప్పడం వేరు, మనింట్లో పిల్ల మీద వాడటం వేరు అని నాకు యాభయ్యో ఏట తెలిసింది. ఆ సంగతే ఇది.

మా తమ్ముడిది కంకిపాడులో మోటార్ వైండింగ్ షాపు. పొలాల మోటార్లు కాలితే వాడి దగ్గరికే వస్తాయి. మరదలు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, రోజూ బస్సులో వెళ్లొస్తుంది. మా అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, అప్పటికి ఏడు నిండి ఎనిమిది నడుస్తోంది. ఐదో ఏట డాక్టరు చూసి ఆటిజం అని కాగితం రాసిచ్చాడు. మాటలు తక్కువ, రెండు మూడు ముక్కల్లో తేల్చేస్తుంది. లెక్కలు బాగా చేస్తుంది. బస్సు నంబర్లు ఒకసారి చూస్తే మరిచిపోదు. ఊళ్లో మామూలు స్కూల్లోనే చేర్చుకున్నారు. హెడ్మిస్ట్రెస్‌గారి దయ అని అందరూ అనేవారు. ఆ స్కూలు బోరు మోటారును తమ్ముడు అడిగినప్పుడల్లా బాగుచేసి పెట్టేవాడు, దాని సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

పిల్లకు బెలూన్లంటే భయం. పేలితే కాదు, చూస్తేనే. గాలి నింపిన బెలూన్ గదిలో ఉంటే ఆ గదిలో ఉండలేదు. చర్చిలో సండేస్కూలు పిల్లలకు క్రిస్మస్‌కి బెలూన్లు కట్టేవాళ్లు. పాస్టరమ్మగారు ఒకసారి పిల్ల వణుకు చూసి, మరుసటి ఏడాది నుంచి రంగు కాగితాలతో సరిపెట్టింది. ఎవరి పుస్తకమూ చదవకుండానే. స్కూల్లో అలాంటివాళ్లు లేకపోయారు. ఫిబ్రవరిలో ఎవరిదో పుట్టినరోజని క్లాసులోకి బెలూన్ల గుత్తి తెచ్చారు, ఒకటి పేలింది. పిల్ల క్లాసు దాటి, గేటు దాటి, బందరు రోడ్డు మీదికి పరిగెత్తింది. ఎదురుగా వస్తున్న ఆటో ఆయన బ్రేకు కొట్టి, దిగి, రెక్క పట్టుకుని ఆపాడు. లేకపోతే వెనక లారీ ఉంది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్‌గారు తమ్ముణ్ణీ మరదల్నీ పిలిచి, ఇంత బాధ్యత మేం మొయ్యలేమండీ అన్నారట. ఇలాంటి పిల్లల గురించి తెలిసినవాళ్ల దగ్గర కాగితం తెండి, ఇక్కడ ఉండగలదని రాస్తే చూద్దాం, లేకపోతే జూన్‌కల్లా వేరే చోటు చూసుకోండి అని. వేరే చోటంటే హనుమాన్ జంక్షన్ దాటాక ఒక హాస్టలు స్కూలు ఉంది, ఇలాంటి పిల్లల కోసం. నెలకోసారి ఇంటికి పంపుతారు. తమ్ముడు సరేనన్నాడు, ఆ లారీ వాడి కళ్లలోంచి పోలేదు. మరదలు ససేమిరా అంది. మధ్యలో ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది నా విషయంలోనే. అక్క చదివిందేగా, అక్కనే చూడమందాం అన్నారు.

అలాంటి కాగితం రాసే అర్హత నాకు లేదు. లెటర్‌హెడ్ ఉంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం భోజనాలు చేసి హాల్లో కూర్చున్నాం. నేను పిల్లకు గోళీ పరీక్ష పెట్టాను. ఆటిజం గురించి చదివినవాళ్లందరికీ తెలిసిన పరీక్షే అది. రెండు బొమ్మలుంటాయి. మొదటి బొమ్మ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. అది లేనప్పుడు రెండో బొమ్మ గోళీని తీసి డబ్బాలో పెడుతుంది. మొదటి బొమ్మ తిరిగొస్తుంది. గోళీ కోసం ముందు ఎక్కడ వెతుకుతుంది? నాలుగేళ్లు దాటిన పిల్లలు ఎక్కువమంది బుట్టలో అంటారు, తను పెట్టింది అక్కడే కాబట్టి. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది డబ్బాలో అంటారు, గోళీ నిజంగా ఉన్నది అక్కడ కాబట్టి. తనకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియకపోవచ్చు అన్న ఊహ వాళ్లకు అందదని దాని తాత్పర్యం.

రెండు రబ్బరు బొమ్మలు దొరికాయి. ఉల్లిపాయల బుట్ట వంటింట్లోంచి తెచ్చాను. అల్మరా మీద అమ్మ బిస్కెట్ డబ్బా ఉంటే అది దించాను. ఆట నడిపించి, ఇప్పుడు ఎక్కడ వెతుకుతుందమ్మా అని అడిగాను. పిల్ల ఆలోచించను కూడా లేదు. డబ్బా మూత మీద వేలితో కొట్టింది. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ డబ్బానే.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. ఇరవై నిమిషాలు పాఠం చెప్పాను. అమ్మ కుర్చీలోనే నిద్రపోయింది. తమ్ముడు ఫోను చూసుకున్నాడు. విన్నది మరదలొక్కతే. ఎదుటివాళ్లకు మనసనేది ఒకటుంటుందని దీనికి తెలియదు అని నేను ముగించాక, ఆ అమ్మాయి కంచాలు తీస్తూ అడిగింది.

"అంటే నేనేడిస్తే దానికి తెలియదా వదినా?"

"ఏడుస్తున్నావని కనపడుతుంది. ఎందుకో తట్టదు."

ఆ కంచాలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే నేను కాగితం రాశాను. ఇతరుల ఆలోచనలను ఊహించే శక్తి లేదని, ప్రత్యేక శిక్షణ ఉన్న చోటే ఉంచడం మేలని. తమ్ముడు ఒక కాపీ హెడ్మిస్ట్రెస్‌గారికి, ఒకటి హాస్టలు వాళ్లకు ఇచ్చాడు. మరదలు ఇంక అడ్డు చెప్పలేదు. నేను దాన్ని నా వివరణ గొప్పతనం అనుకున్నాను.

మేలో ఆవకాయ పెట్టడానికి నాలుగు రోజులు ఉండేలా వెళ్లాను. పిల్ల అప్పటికి బాగా చెడింది. పొద్దున వాళ్లమ్మ బస్సుకు వెళ్లాక గుమ్మం దగ్గరే కూర్చుని, మధ్యాహ్నం దాకా తినదు. ఎవరైనా కదిలిస్తే అరుపులు. ముందు ఇలా లేదే అని అమ్మనడిగితే, ఏమోనే, ఒక నెల నుంచీ ఇదే వరస అంది. నేను మాత్రం ఊరుకుంటానా, దినచర్య మారినప్పుడు వీళ్లకు ఇలా అవుతుందని దానికీ ఒక వివరణ ఇచ్చాను. ఏ దినచర్య మారిందో మాత్రం అడగలేదు.

రెండో రోజు ఆవపిండీ కారమూ కలపడానికి చేతి గడియారం తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. కలిపి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, తిన్నగా అల్మరా దగ్గరికి వెళ్లి బిస్కెట్ డబ్బా దించి మూత తీశాను. గడియారం అందులోనే ఉంది. పెట్టుకుంటున్నాను. నేల మీద బస్సు నంబర్లు రాసుకుంటున్న పిల్ల తలెత్తకుండానే, "అత్త డబ్బా" అంది, నేనేం చేస్తానో నాకన్నా ముందే తెలిసినట్టు.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడకు పెళ్లయిన కొత్తలో కాపురం కాలవ గట్టు మీద. ఎలుకలు సబ్బుముక్క దగ్గర్నుంచి తాళంచెవి దాకా ఎత్తుకుపోయేవట. అప్పటి నుంచి ఇంట్లో ఏ చిన్న వస్తువు విడిగా కనపడినా తీసి డబ్బాలో వేసేస్తుంది. ఆ ఎలుకలు పోయాయి, కాలవ గట్టు ఇల్లూ పోయింది, మేమంతా డాబా ఇళ్లల్లోకి వచ్చాం, ఆవిడ చెయ్యి ఆగలేదు. తమ్ముడి టెస్టరు, మరదలి ఐడీ కార్డు, నా కళ్లజోడు, పిల్ల రబ్బరు. మనం వీపు తిప్పితే చాలు. అందుకని మా ఇంట్లో ఎవరూ వస్తువు పెట్టిన చోట వెతకరు. పెట్టిన చోటు వైపు చూడరు కూడా. డబ్బా మూత తీస్తారు. నేను పుట్టి పెరిగిందీ ఆ అలవాటులోనే. అలాంటి ఇంట్లో, ఆ డబ్బానే పెట్టి, పిల్లను అడిగాను, బొమ్మ గోళీని ఎక్కడ వెతుకుతుందని.

తడి తువ్వాలు భుజాన అలాగే ఉంది. తమ్ముడు భోజనానికొచ్చాడు. వాడు కాళ్లు కడుక్కునే లోపే బొమ్మలు, బుట్ట, డబ్బా బల్ల మీద పెట్టి కూర్చున్నాను. వాడికి పరీక్ష సంగతి ఏమీ గుర్తు లేదు, విననే లేదుగా. ఆటంతా ఆడి చూపించి, బొమ్మ తిరిగొచ్చి ముందు ఎక్కడ చూస్తుందిరా అన్నాను.

"డబ్బాలో చూస్తుంది."

"ఎందుకు? తను పెట్టింది బుట్టలో కదరా."

"పెడితే? ఇంట్లో అమ్మ ఉంది కదక్కా. అన్నం పెట్టించు, ఆకలేస్తోంది."

నలభై ఆరేళ్లవాడు, మీటరు చూసి కాయిల్ ఎన్ని చుట్లో చెప్పగలవాడు, నా పరీక్షలో తప్పాడు. వాడికి అన్నం పెట్టాను. 

ఆ సాయంత్రం వరండాలో పిల్లను కూర్చోబెట్టి, ఈసారి చెప్పుల అట్టపెట్టె, తమ్ముడి హెల్మెట్ పెట్టి అడిగాను. రెండుసార్లు సరిగ్గా చెప్పింది. ఒకసారి తప్పింది. నాలుగోసారి అడిగేసరికి లేచి వెళ్లిపోయింది. దీన్నిబట్టి పిల్లకు ఆటిజం లేదని కాదు. ఉంది. అన్నీ బాగా తెలుసని కూడా కాదు. ఒక గోళీని పట్టుకుని ఒక మనిషి లోపల ఏముందో లేదో తేల్చెయ్యడం కుదరదని మాత్రమే. ఈ మాట పుస్తకాల్లో కూడా ఉంది. ప్రశ్న అర్థం కాక తప్పేవాళ్లుంటారని, పరీక్షలో తప్పినవాళ్లు జీవితంలో నెగ్గుకొస్తారని రాసే ఉంది. ఆ పేజీ ముఖ్యం కాదని నేను ఏటా దాటించేస్తాను.

ఆరున్నరకు మరదలు బస్సు దిగి వచ్చింది. కాళ్లు చాపుకుని కూర్చున్నాక చెప్పాను. చెప్పడం కూడా నేరుగా చెప్పలేదు. పరీక్షలో ఒక చిన్న పద్ధతి దోషం దొర్లింది అని మొదలుపెట్టి, వాడిన వస్తువు ఇంటి అలవాటుతో కలిసిపోయిందని, దాంతో ఫలితం చెల్లదని. ఆమె చాలాసేపు విని, డబ్బా వైపు చూసి, నా వైపు చూసింది.

"దోషం అంటే, మీరు తప్పు చెప్పారనా?"

"తప్పని కాదు. పరీక్ష..."

"వదినా. నేను డ్యూటీకెళ్లేప్పుడు రోజూ దానికి చెప్పి వెళ్లేదాన్ని. ఏ బస్సుకు పోతానో, ఏ బస్సుకొస్తానో, ఎందుకు పోతున్నానో. దానికేం తెలియదని మీరన్న కాణ్ణుంచి మానేశాను. తెలియని పిల్లకు చెప్పడం దేనికిలే అని. చెప్పకుండా, అది అటు తిరిగినప్పుడు చూసి పోతున్నా."

మారిన దినచర్య అది. గుమ్మంలో మధ్యాహ్నం దాకా కూర్చున్నది అందుకు.

నేను ఎవరితోనైనా వాదించగలను. ఆటోవాళ్లతో, ప్రిన్సిపాల్‌తో, ఇంటి ఓనరుతో. ఆ రోజు మాత్రం తప్పయింది అన్నాను. ఆ మాట ఆ ఇంట్లో నా నోట అదే మొదలు కాబోలు, వంటింట్లోంచి అమ్మ తొంగి చూసి, ఏమంటోందే ఇది, ఒంట్లో బాగానే ఉందా అని మరదల్ని అడిగింది. మరదలు నవ్వలేదు. "మీరు రాసిన కాగితం మీరే వెనక్కి తీసుకోండి" అంది. అంతే అంది. మర్నాడు పొద్దున బస్సుకు వెళ్లేముందు పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చుని, వెళ్లే బస్సు, వచ్చే బస్సు రెండూ చెప్పింది. పిల్ల మొహం చూడలేదు, బస్సు నంబరు తిరిగి చెప్పింది. పది గంటలకు ఇడ్లీ తింది.

హెడ్మిస్ట్రెస్‌గారి దగ్గరికి నేనే వెళ్లాను. నా కాగితం ఆవిడ ఫైల్లో పదిలంగా ఉంది. నిపుణులు రాసిందే మేం నమ్ముతాం మేడం అని నా సంతకమే నాకు చూపించారు. నేను నిపుణురాల్ని కాదు, పాఠం చెప్పేదాన్ని, ఆ పరీక్ష తప్పుగా పెట్టాను అన్నాను. ఎలా తప్పో డబ్బాతో సహా చెప్పాను. ఆవిడ గౌరవం కొద్దీ నవ్వాపుకున్నారు. అయినా బెలూన్‌కి భయమేంటండీ, పిల్లలందరికీ ఇష్టమైన వస్తువు కదా, నాలుగు బెలూన్ల మధ్య కూర్చోబెడితే అదే పోతుంది అన్నారు.

"నాకు బల్లి అంటే భయం మేడం. బాత్రూంలో బల్లి ఉంటే ఆ పూట స్నానం మానేస్తా. నన్ను నాలుగు బల్లుల మధ్య కూర్చోబెట్టండి, మీ గేటు కాదు, గోడ దూకుతాను. అందుకని నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు కదా."

"మీకు రోడ్డు తెలుసు. దానికి తెలియదు."

ఆ మాట నిజం. అక్కణ్ణుంచి మేమిద్దరం వాదన మాని, ఏం చెయ్యచ్చో మాట్లాడుకున్నాం. బడి పెట్టేప్పుడు, వదిలేప్పుడు తప్ప గేటుకు గొళ్లెం వేసి ఉంచాలి. పుట్టినరోజు ఉంటే ముందురోజు పిల్ల డైరీలో రాయాలి, రేపు బెలూన్లు అని. ఆ గంట పిల్ల ఆఫీసు గదిలో ఆవిడ దగ్గర కూర్చుంటుంది. ఇంట్లో మేం చిన్న మెట్లు మొదలుపెడతాం, అదీ పిల్ల ఒప్పుకున్నంత వరకే. ఆవిడ అర్ధసంవత్సర పరీక్షల దాకా చూస్తానన్నారు. ఇంకోసారి గేటు దాటితే మాత్రం టీసీయే అన్నారు. ఒప్పుకున్నాను. నా పాత కాగితాన్ని ఆవిడ ముందే అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాను.

హాస్టలు వాళ్లకు తమ్ముడు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాడు. చెప్పాడే గానీ అక్కడ సీటు వదిలేస్తే మళ్లీ దొరకదని, గేటు గొళ్లెం ఎవరో ఒకరు మరిచిపోతారని, ఆ నెలంతా నాతో ముభావంగానే ఉన్నాడు. వాడి భయమూ భయమే. దాన్ని నేను వివరించబోలేదు.

మెట్లు మొదలయ్యాయి. మొదటిది, గాలి లేని బెలూన్ హాల్లో ఆ చివర, పిల్ల ఈ చివర. నాలుగు ఆదివారాల్లో మూడడుగులు దగ్గరకొచ్చింది. ఐదో ఆదివారం ఉత్సాహంకొద్దీ నేను నిమ్మకాయంత గాలి ఊదాను. పిల్ల బీరువా వెనక్కి దూరింది. మళ్లీ మొదటికి వచ్చాం. మరదలు నా చేతిలోంచి బెలూన్ తీసుకుని, ఇంక మీరు కుర్చీలో కూర్చోండి వదినా, నేను చూస్తా అంది. కూర్చున్నాను. ఆమె తొందరపడదు. ఇంజక్షన్లు చేసే చెయ్యి.

జూలైలో స్కూల్లో పుట్టినరోజు వచ్చింది. ముందురోజు డైరీలో రాశారు. మర్నాడు మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్‌గారు మరదలికి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో స్కూలు నంబరు చూడగానే మళ్లీ గేటు దాటిందనే అనుకున్నానని మరదలు తర్వాత చెప్పింది. జరిగింది ఇంతే. పిల్ల ఆఫీసు గదిలో కూర్చుంది. క్లాసులోంచి ఒకటి పేలిన చప్పుడు వినపడింది. పిల్ల కుర్చీ దిగలేదు. రెండు చెవులూ మూసుకుని, హెడ్మిస్ట్రెస్‌గారి మొహం వైపు చూసి, "మీరూ మూసుకోండి" అందట.

ఆ సాయంత్రం మరదలు నాకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పి అడిగింది.

"దీనర్థం ఏంటి వదినా? తనకు భయమైంది కాబట్టి అందరికీ భయమే అనుకుందా, లేక ఆవిడకు భయమేస్తుందేమోనని చెప్పిందా?"

రెండిటికీ నా దగ్గర పాఠాలున్నాయి. రెండో మూడో గంటలు చెప్పగలను.

"నాకు తెలియదు. ఆవిడ మూసుకుందా?"

"మూసుకున్నారట."